నేను పైకి చదివిన పేరు

ఇది ఇంతకుముందే రాయాల్సింది. రాయలేకపోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, నలభై నాలుగేళ్లు వచ్చేదాకా నాకు అక్షరాలు రావు. రెండోది, అక్షరాలు వచ్చాక నేను చేసిన మొదటి పెద్ద పని ఒక మనిషి బతుకును ఊరి నడిమధ్యలో విప్పి పరచడం. ఆ మనిషే, తను ఈ ఊళ్లో ఉన్నన్నాళ్లూ దీని గురించి ఒక్క ముక్క రాయొద్దని నా చేత మాట తీసుకుంది. ఇప్పుడామె మా ఊళ్లో లేదు. ఎక్కడుందో నాకు తెలుసు, చెప్పను. ఆమె పేరు చెప్పను. ఊరి పేరు కూడా చెప్పను. గుంటూరు దాటి ఒంగోలు వైపు వచ్చే దారిలో పత్తి, మిరప తప్ప ఇంకోటి కనపడని ఊళ్లు చాలా ఉన్నాయి. వాటిలో ఏదో ఒకటి అనుకోండి.

పేర్లు లేకుండా చదవడం మీకు ఇబ్బందిగా ఉంటే ఉండనివ్వండి. పేరు చదివితే ఏమవుతుందో నాకు తెలుసు.

నాకు అక్షరాలు నేర్పింది సాయంత్రం బడి. తొంభైల చివర్లో మా ఊళ్లో పెద్దవాళ్లకోసం పెట్టారు. పొద్దంతా కల్లంలో కూర్చుని ఎండబోసిన మిరపకాయల్లోంచి తాలుకాయలు, అంటే రంగు పోయి తెల్లబడిన కాయలు, ఏరి పక్కన పోసేవాళ్లం. ఇంటికొచ్చి చేతులు ఎంత కడుక్కున్నా మంట పోదు. ఆ వేళ్లతోనే పలక పట్టుకునేదాన్ని. మరిచిపోయి కళ్లు తుడుచుకున్నానా, ఇక ఆ పూట చదువు లేదు. అలా రెండేళ్లు. చివరికి బస్సు బోర్డు చదివాను, ఎరువుల బస్తా మీద రాసింది చదివాను, రేషను కార్డులో నా పేరు తప్పు పడిందని కనిపెట్టి డీలరుతో పోట్లాడాను.

ఆలస్యంగా చదువు నేర్చినవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. చిన్నప్పుడే బడికెళ్లినవాళ్లకు ఇది తెలియదు. వాళ్లు కంటితో చదువుతారు, అర్థం చేసుకుంటారు, ఆ తర్వాత కావాలనుకుంటే నోరు తెరుస్తారు. మాకు అలా కాదు. వేలు పెట్టి ఒక్కో అక్షరం పలకాలి. పలికింది మా చెవిన పడ్డాక అప్పుడు అర్థమవుతుంది. నోరు ముందు, బుర్ర వెనక. బస్సు బోర్డు దగ్గర దీనివల్ల పెద్ద నష్టం లేదు. ఒక బస్సు వెళ్లిపోతుంది, అంతే.

ఆ ఏడు కోతలు అయిపోవస్తున్న రోజుల్లో బడి ఆవరణలో గ్రామసభ పెట్టారు. సమాచారం అడిగే హక్కుకు చట్టం వచ్చిన కొత్త. మండలం నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. కొత్తగా పింఛన్లు మంజూరైనవాళ్ల జాబితాను సభలో అందరికీ వినపడేలా చదవాలి, అభ్యంతరం ఉన్నవాళ్లు అక్కడే లేచి చెప్పాలి. దొంగ పేర్లు దూరకుండా పెట్టుకున్న పద్ధతి అది. పద్ధతి మంచిదే. అందుకే నాకు దాని మీద ఇంకా కోపం.

పంచాయతీ కార్యదర్శి జాబితా చేత్తో పట్టుకుని ఆఫీసరుతో అన్నాడు: "సార్, ఈమె నలభై దాటాక చదువుకుందండి. మా ఊరి గొప్ప. ఇవాళ ఈమె చేత చదివిద్దాం."

ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. జనం కూడా కొట్టారు. నేను పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుని ఉన్నాను. గుండె ఉప్పొంగింది. ఆ పొంగు తలుచుకుంటే ఇవాళ్టికీ నన్ను నేను తిట్టుకుంటాను.

కాగితం మీద నాలుగు గడులున్నాయి. పేరు, భర్త లేక తండ్రి పేరు, ఇంటి నెంబరు, పింఛను రకం. వృద్ధాప్యం అని ఉన్నచోట వృద్ధాప్యం అని చదివాను. వికలాంగులు అనే మాట దగ్గర కాస్త తడబడితే ఎవరో "అద్దీ!" అని అరిచారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

నా వేలు మా ఎదురింటి అమ్మాయి పేరు మీదికి వచ్చింది. ముప్పై నిండని పిల్ల. చుట్టరికం లేదు కానీ నన్ను అత్తా అని పిలిచేది. భర్త పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లులో పని చేస్తూ దగ్గుతో చిక్కి చిక్కి పోయాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని ఆమె చెప్పింది, ఊరు నమ్మింది. అతను పోయాక ఆమెకు బడిలో మధ్యాహ్న భోజనం వండే పని దొరికింది. ఆమె చేసే పప్పుచారు కోసం ఇంటి దగ్గర అన్నం మానేసి బడికి వెళ్లిన పిల్లలున్నారు. ఆమె ఇద్దరు పిల్లలూ అక్కడే తినేవాళ్లు. ఆ పని పోతే ఆమెకు ఇంకోటి లేదు.

పేరు చదివాను. భర్త పేరు చదివాను. ఇంటి నెంబరు చదివాను. నాలుగో గడిలో మిగతా అందరికీ ఒక్క మాటే ఉంటే ఈమెకు రెండు వరుసలున్నాయి. ఎక్కువ ఉంటే నాకు సంతోషం, నా చదువు ఇంకాస్త చూపించుకోవచ్చు. వేలు పెట్టి చదివాను.

"వితంతువు. భర్త ఎయిడ్స్‌తో మృతి."

వెనక నుంచి ఒకాయన అరిచాడు. "వినపళ్లా! మళ్లీ చదువు, గట్టిగా!"

మళ్లీ చదివాను, గట్టిగా. సగంలో నాకు అర్థమైంది. నోరు ఆగలేదు.

ఆమె ఆడవాళ్ల మధ్యలో కూర్చుని ఉంది. అటూ ఇటూ ఉన్న ఇద్దరూ కుచ్చెళ్లు దగ్గరికి లాక్కున్నారు. ఆమె లేచింది, చెప్పులు వేసుకుంది, గేటు దాటి వెళ్లిపోయింది. పరిగెత్తలేదు, ఏడవలేదు. ఆఫీసరు గడియారం చూసుకుని "తర్వాతి పేరు చదవమ్మా" అన్నాడు.

తర్వాతి పేరు నేనే చదివాను. ఇదీ రాయాలి. ఆ జాబితా చివరిదాకా నేనే చదివాను.

ఆ మాట జాబితాలోకి ఎలా వచ్చిందో ఆ తర్వాత తెలిసింది. గుంటూరు ఆస్పత్రిలో, "ఈ సంగతి నీకూ మాకూ తప్ప మూడో మనిషికి తెలీదమ్మా" అని ఆమెకు చెప్పి పంపారు. ఆస్పత్రి ఆ మాట నిలబెట్టుకుంది. పింఛను దరఖాస్తుకు భర్త చనిపోయిన కాగితం జత చేయమంటే, ఆమె తన దగ్గరున్న కాగితాలన్నీ కలిపి ఇచ్చేసింది. ఆమెకు చదవడం రాదు. ఏ కాగితంలో ఏం రాసి ఉందో తెలియదు. ఆఫీసులో ఎవరో ఉద్యోగి, వితంతువు అని ఒక్క మాట రాస్తే సరిపోయేచోట, కాగితాల్లో కనపడిందంతా ఎక్కించాడు. కక్షతో రాసి ఉండడు. ఏం రాస్తున్నానా అని ఒక్క క్షణం ఆలోచించి ఉండడు. నాకు కక్షకంటే అదే ఎక్కువ మండుతుంది.

మర్నాడు పంచాయతీ ఆఫీసుకు వెళ్లాను. జాబితా అప్పటికే బోర్డుకు అంటించి ఉంది.

"ఆ కాగితం పీకెయ్ బాబూ," అన్నాను కార్యదర్శితో.

"పీకితే నా ఉద్యోగం పీకుతారమ్మా. జాబితా జనానికి కనపడాలని చట్టం."

"జబ్బు కనపడాలని కూడానా?"

"చదివింది నువ్వేగా. నేను చదివానా?"

నా మొహం చూసి జాలిపడ్డాడో ఏమో, నల్ల ఇంకు తెచ్చి ఆ గడి మీద పూశాడు. తెల్ల కాగితం మీద ఒక్క గడి నల్లగా. ఇక ఆ దారిన పోయే ప్రతివాడూ ఆగి ముందు దాన్నే చూశాడు, పక్కన ఎవరి పేరుందో చూశాడు.

బడిలో మర్నాటి నుంచే పిల్లల చేతికి టిఫిన్ డబ్బాలొచ్చాయి. మూడో రోజుకు ఆమె వండిన అన్నం గిన్నె అలాగే ఉండిపోయింది. ఆమె పిల్లలిద్దరే తిన్నారు. వేసవి సెలవులకు బడి మూసేముందు విద్యా కమిటీ కూర్చుంది. ఏడుగురు సభ్యులు, అందరూ ఊళ్లోవాళ్లే, పిల్లల తల్లిదండ్రులే. ఛైర్మను మా వీధి చివర మిరప రైతు, నన్ను వదినా అని పిలుస్తాడు. వాళ్ల తీర్మానం అతనే నాతో చెప్పాడు.

"మేం తీసెయ్యమనట్లా వదినా. అన్యాయం చెయ్యం. రక్తపరీక్ష కాగితం తెచ్చి కమిటీలో చూపించమంటన్నాం. బళ్లు తెరిచేలోపు. లేదని ఉంటే వండుకోమను, ఎవరొద్దన్నారు?"

నాకూ అది సబబుగానే తోచింది. సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాను. ఆ సాయంత్రం ఎదురింటికి వెళ్లి, గుమ్మంలో నిలబడి చెప్పాను. "ఆ కాగితమేదో తెచ్చి వాళ్ల మొహాన కొట్టమ్మాయ్. పీడా పోద్ది."

ఆమె నాతో మాట్లాడి అప్పటికి మూడు వారాలైంది. చింతపండు గింజలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"ఏ కాగితం అత్తా?"

"అదే, పరీక్షది. లేదని తేలితే…"

"తేలకపోతే?"

గుమ్మం దాకా దొర్లొచ్చిన చింతగింజ ఒకటి తీసి లోపల పెట్టాను.

"ఉన్నా లేకపోయినా వంటకీ దానికీ సంబంధం లేదని డాక్టరమ్మ చెప్పింది," అంది. "అన్నంలో రాదు, నీళ్లలో రాదు. మరి చూపించాల్సిన పనేముంది? ఇవాళ ఇది చూపిస్తా. రేపు ఇంకేదో చూపించమంటారు. నా మొగుడి కాగితం నన్నడక్కుండా చూశారు. నా కాగితం నాది. పని పోతే పోద్ది, చూపించను."

ఇంతదాకా చదివిన మీలో కొందరికి ఒక ప్రశ్న మెదులుతూ ఉంటుంది. ఆమెకు ఆ జబ్బు ఉందా, లేదా? నాకు తెలుసు. రాయను. అది మీకు అక్కర్లేదు. ఆ ఏడుగురికీ అక్కర్లేదు. ఆమె అన్న మాట నా బుర్రకెక్కడానికి నాకు ఆ రాత్రంతా పట్టింది, మీకూ కాస్త పట్టొచ్చు.

ఇంటికొచ్చి అనుకున్నాను, ఇంత పెద్ద దేశంలో దీనికి ఏదో ఒక చట్టం ఉండి తీరాలి. ఒకరి సొంత సంగతి ఇంకొకరు బోర్డుకెక్కిస్తే ఊరుకునేది లేదని చెప్పే చట్టం ఎవడో ఒకడు రాసే ఉంటాడు. గుంటూరు బస్సెక్కి, ఆటోలో బ్రాడీపేట వెళ్లాను. ఒక కోచింగ్ సెంటరు మెట్ల పక్కగా పైకి పోతే ఒక ముసలి వకీలు గది. మా సాయంత్రం బడి పంతులుకు తెలిసిన మనిషి. ఫీజు అడగలేదు. పూర్తిగా విన్నాడు. విని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"చట్టం ఉందమ్మా. కాకపోతే ఒక్కచోట లేదు. ముక్కలు ముక్కలుగా ఉంది."

"ముక్కలే చెప్పండి బాబూ."

"రాజ్యాంగంలో జీవించే హక్కని ఒకటుంది. మనిషి సొంత సంగతులు గుట్టుగా ఉంచుకోవడం అందులో భాగమేనని సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకొకరి ప్రాణానికి ముప్పున్నచోట ఆ గుట్టు ఆగదనీ చెప్పింది. అది సర్కారుని పట్టుకుంటుంది. రోగి రహస్యం బయటపెట్టకూడదని డాక్టర్లకు నియమాలున్నాయి. అవి డాక్టర్లని పట్టుకుంటాయి. ఎవరన్నా ఆఫీసుకొచ్చి పక్కవాడి సొంత వివరాలడిగితే, జనానికి పనికొచ్చే కారణం లేకుండా ఇవ్వక్కర్లేదని సమాచార హక్కు చట్టంలో ఉంది. కంప్యూటర్లలో పెట్టుకున్న వివరాలకి ఏదో తెస్తున్నారు, అది కంపెనీలకి."

"మా జాబితా పెన్నుతో రాశారు."

"అదీ చిక్కు."

"మరి కమిటీ? వాళ్లు కాగితం చూపించమంటే?"

"అడిగే హక్కు వాళ్లకి లేదు. కానీ అడగొద్దని విడిగా రాసిన చట్టమూ లేదు. కేసు వెయ్యొచ్చు. ఆ అమ్మాయి వచ్చిందా?"

"రాలేదు. రాదు."

"ఆమె లేకుండా ఎట్లా? ఆమె పేరు మీదేగా వెయ్యాలి."

"పేరు బయటపడిందనేగా కేసు! మళ్లీ పేరు రాయాలా?"

"రాయాలి."

"కోర్టులో పిలుస్తారా?"

"పిలుస్తారు. బంట్రోతు మూడుసార్లు పిలుస్తాడు."

"గట్టిగానా?"

వకీలు నా వైపు చూశాడు. "గట్టిగానే," అన్నాడు. "పేరు దాచమని హైకోర్టులో అడగొచ్చు. దానికి హైదరాబాదు పోవాలి."

ఆ గదిలో గోడ నిండా లావుపాటి పుస్తకాలు. అన్నీ చట్టాలే. ఆ పుస్తకాలన్నిటినీ మెట్ల మీద నుంచి కిందికి దొర్లించాలనిపించింది. గుట్టు కాపాడే చట్టం కావాలంటే ముందు గుట్టు విప్పాలట. ముందు రోగినని నలుగురిలో నిలబడి చెప్పుకుంటే, ఆ తర్వాత ఆ సంగతి ఎవరికీ తెలియకుండా కాపాడతారట. ఇది రాసినవాళ్లలో ఒక్కడైనా ఊళ్లో బతికాడా?

ఇప్పుడు ఆ జబ్బు ఉన్నవాళ్ల కోసం విడిగా చట్టం వచ్చిందనీ, సొంత వివరాలకు ఇంకో చట్టం వచ్చిందనీ పేపర్లో చదివాను. వస్తే మంచిదే. నేను చెబుతున్నది అవి లేని రోజుల సంగతి.

వకీలు నాకు ఒక్క దారి చూపించాడు. "నీ పేరు మీద నువ్వే సమాచారం అడుగు. ఆమె పేరు లేకుండా. ఆ గడిలో జబ్బు రాయమని ఏ ఉత్తర్వు ఉందో అడుగు, ఎవరు రాశారో అడుగు. ఉత్తర్వు లేదని వాళ్ల చేత రాయించావంటే అది పట్టుకుని కమిటీ నోరు మూయించొచ్చు."

ఆ దరఖాస్తు నేను సొంత చేత్తో రాశాను. మూడు కాగితాలు చింపి నాలుగోది పంపాను. నెల రోజుల్లో జవాబివ్వాలట. నెల రోజులూ ఎదురుచూశాను. ఎండలు ముదిరాయి, కల్లాలు ఖాళీ అయ్యాయి, వేడికి గాలిలో కూడా మిరప ఘాటు. ఎదురింటామె పొద్దున్నే వెళ్లి పొలం పని అడిగేది. మేస్త్రీలు చాలన్నారని తిరిగొచ్చేది. గిన్నెలూ చాపా సర్దుకుని పుట్టింటికి పోతుందని వీధిలో అనుకున్నారు. పుట్టింటికీ ఆ మాట ఈపాటికి చేరే ఉంటుంది, అక్కడికి మాత్రం ఏ మొహంతో పోతుందని కూడా వాళ్లే అనుకున్నారు.

బళ్లు తెరవడానికి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం, జవాబు వచ్చింది. తెల్లారితే కమిటీ సమావేశం. గడప మీద కూర్చుని చదివాను, పెదాలు కదపకుండా. మొదటి ప్రశ్నకు, మీరు కోరిన వివరాలు ఈ కార్యాలయంలో అందుబాటులో లేవు అని ఉంది. రెండో ప్రశ్నకు మూడు వరుసలు. సదరు జాబితాను తయారుచేసిన ఉద్యోగి పేరు, వివరాలు ఆ ఉద్యోగి వ్యక్తిగత సమాచారం కిందికి వస్తాయి. వెల్లడిస్తే అతని వ్యక్తిగత గోప్యతకు భంగం. కాబట్టి ఎనిమిదో సెక్షను ప్రకారం ఇవ్వడం కుదరదు.

మూడుసార్లు చదివాను. పొరపాటు పడ్డానేమో అని.

పొరపాటు లేదు. గోప్యత ఉంది. చట్టంలో ఉంది, సెక్షను నెంబరుతో సహా ఉంది. ఒక ఆడదాని మొగుడు ఏం జబ్బుతో పోయాడో ఊరందరి ముందు నా చేత రెండుసార్లు చదివించిన మనిషి పేరు మాత్రం రహస్యం. అతని గుట్టుకు భంగం కలగకూడదు. అతనికి ఇబ్బంది కలగకూడదు. చట్టం గొడుగు ఉన్నమాట నిజమే. అది ఎవరి నెత్తిన పట్టారో చూడండి.

ఆ సాయంత్రం నేను అన్నం వండలేదు. మా ఆయన ఏమైందని అడిగాడు. కాగితం చూపించాను. ఆయనకు చదవడం రాదు. చదివి వినిపించాను. "పోనీలే, మనం చేసేదేముంది?" అన్నాడు. ఆ మాటకు ఆయన మీద కూడా అరిచాను. అరిచి, మనవరాలి లెక్కల నోటుబుక్కులోంచి ఒక తెల్ల కాగితం చింపి, స్కేలు పెట్టి నాలుగు గడులు గీశాను. పేరు, భర్త లేక తండ్రి పేరు, ఇంటి నెంబరు, జబ్బు. కింద కమిటీ సభ్యులు ఏడుగురి పేర్లూ వరుసగా రాశాను.

మర్నాడు పొద్దున్నే ఆ కాగితం, ఒక పెన్ను పట్టుకుని బయల్దేరాను.

ముందు ఛైర్మను ఇల్లు. అతను గేదెకు కుడితి పెడుతున్నాడు. భార్య పళ్లు తోముకుంటోంది.

"ఏంది అక్కా, పొద్దున్నే కాగితాలు?" అంది ఆమె.

"మీ ఆయన జబ్బులు రాసుకుపోదామని వచ్చా."

అతను వెనక్కి తిరిగాడు. "ఏందీ?"

"ఇవాళ కమిటీలో ఆమె కాగితం చూస్తారంటగా. ముందు కమిటీవాళ్లవి చూడాలి. ఏమేం ఉన్నయ్యో చెప్పు, రాసుకుంటా. పదింటికి చదవాలి."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా?"

"ఆమెనడిగితే న్యాయం, నిన్నడిగితే పిచ్చా?"

"నేనేమన్నా పిల్లలకి వండిపెడుతున్నానా?"

"నీళ్ల ట్యాంకు తాళం నీ దగ్గరేగా. ఊరంతా ఆ నీళ్లేగా తాగుతోంది."

భార్య నోట్లో నురగ ఊసి వచ్చింది. "రాయించుకో అక్కా. నెలకోసారి గుంటూరు డాక్టరు దగ్గరికి ఎందుకు పోతన్నాడో నాకూ చెప్పడు. చదివేటప్పుడు నేనూ వచ్చి వింటా."

"నువ్వు లోపలికి ఫో!" అని అరిచాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. "వదినా, మర్యాదగా చెప్తున్నా, ఎల్లు."

"రాయనంటావా?"

"రాయను!"

"సరే. ఖాళీ అని రాసుకుంటా," అని పక్కింటికి నడిచాను.

రెండో సభ్యురాలు నలుగురు పిల్లల తల్లి, నన్ను పిన్నీ అంటుంది. గ్రామసభలో కుచ్చెళ్లు లాక్కున్న ఇద్దరిలో ఒకతె. కాగితం చూసి, నాలుగో గడి మీద రాసింది ఏమిటని అడిగింది. చెప్పాను. ఆమె మొహంలో రక్తం లేదు. నా చెయ్యి పట్టుకుంది. "నా సంగతి నీకెవరు చెప్పారు పిన్నీ?" అంది. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. అదే అన్నాను. నమ్మలేదు. ఏడ్చింది. అప్పటిదాకా నా కోపం నాకు బాగానే ఉంది. ఆ మనిషి నా చెయ్యి వదలకుండా ఏడుస్తుంటే అది బాగా లేదు. ఆమె పేరు ఎదురుగా ఏమీ రాయలేదు. ఏమీ అడగలేదు కూడా. ఆమె తనంతట తనే అంది, "నేను ఆ అమ్మాయి కాగితం అడగను పిన్నీ. ఒట్టు."

మిగతా ఐదిళ్లకూ వెళ్లాను. ఒకాయన తిట్టాడు. ఒకాయన నవ్వి, తనకు గ్యాస్ ట్రబుల్ ఉందని రాసుకోమన్నాడు. రాస్తానని పెన్ను తీస్తే, "ఏయ్, ఏయ్, ఊరికే అన్నా" అని నా చెయ్యి పట్టుకున్నాడు. ఒకామె తలుపు తియ్యలేదు. మిగతా ఇద్దరూ ఛైర్మను రాస్తే తామూ రాస్తామన్నారు.

తొమ్మిదిన్నరకు బడికి వెళ్లి కాగితం హెడ్మాస్టరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన ఆసాంతం చూశాడు. ఏడు పేర్లు, ఏడు ఖాళీ గడులు.

"ఇదేంటమ్మా?"

"వాళ్లెవరూ చెప్పలేదు సార్. ఆమె కూడా చెప్పదు."

ఆయన కాగితాన్ని తన రిజిస్టరు కింద పెట్టుకున్నాడు. తర్వాత, "ఇది నా దగ్గర ఉంచి వెళ్లు, సమావేశంలో చూపిస్తాను," అన్నాడు.

"ఉంచను సార్. అందులో ఏడుగురి పేర్లున్నాయి." తీసుకుని నాలుగు ముక్కలు చేసి కొంగున ముడేసుకున్నాను.

పదింటికి సమావేశం మొదలైంది. నేను వరండాలో నిలబడ్డాను. బియ్యం సంగతి మాట్లాడారు, మరుగుదొడ్డి తలుపు సంగతి మాట్లాడారు. వంటమనిషి సంగతి వచ్చేసరికి ఛైర్మను గోడ వైపు చూస్తూ, "పోయినేడు ఎవరు వండారో వాళ్లే వండుతారు, రాసుకోండి," అన్నాడు. ఎవరూ కాగితం అడగలేదు. న్యాయం తెలిసి కాదు, భయపడి. నాకు అదీ చాలు.

ఎదురింటికి వెళ్లి చెప్పాను. ఆమె గడపకు అవతల నిలబడి విన్నది.

"ఏడిళ్లకీ తిరిగావా?"

"తిరిగా."

"నేనడిగానా నిన్ను?"

"లేదు."

"డబ్బాలు తెచ్చుకునే పిల్లలు తెచ్చుకుంటానే ఉంటారు అత్తా. నువ్వు చదివింది ఎవరూ మర్చిపోరు."

"మర్చిపోరు," అన్నాను.

లోపలికి రమ్మనలేదు. కాసేపటికి ఒక చేట, రెండు శేర్ల బియ్యం తెచ్చి గడప బయట పెట్టింది. "రేపటి వంటకి. రాళ్లు బాగా ఉన్నాయి," అని లోపలికి వెళ్లిపోయింది. నేను అక్కడే, వీధిలో పోయేవాళ్లందరికీ కనపడేలా కూర్చుని, ఎండ గుమ్మంలోకి వచ్చేదాకా ఆ బియ్యం ఏరాను.